కర్నూలు బస్సుల కేసు నుంచి ఢిల్లీ బెంచీ దాకా: సుప్రీంకోర్టు జడ్జీల జీవితాలు

(రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా కర్నూలులో న్యాయ విద్యార్థులు, జూనియర్ అడ్వకేట్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

సుప్రీంకోర్టు జడ్జీల గురించి మాట్లాడమని బార్ మిత్రులు అడిగారు. తీర్పుల గురించి చెప్పేవాళ్లు చానా మంది ఉన్నారు. ఆ తీర్పులు రాసిన మనుషుల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. ఎక్కడ పుట్టారు, ఏ వయసులో ఆ కుర్చీ ఎక్కారు, అక్కడికి ఎవరు పంపారు, దిగిపోయాక ఏం చేశారు? ఇవేవీ తెలియకుండా చదివితే తీర్పు సగమే అర్థమవుతుంది. అంత పైన కూర్చున్నవాళ్లకు కూడా ఆశలుంటాయి, భయాలుంటాయి. ఒక తీర్పు చదివేటప్పుడు, అది రాసే నాటికి ఆ మనిషికి రావాల్సింది ఏముంది, పోగొట్టుకునేది ఏముంది అని చూడటం నాకు అలవాటు. మీకూ ఆ అలవాటు చేయాలని వచ్చాను.

ఢిల్లీ దాకా ఎందుకు, మన కర్నూలు నుంచే మొదలుపెడదాం.

1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. ఆ తర్వాత ప్రైవేటు బస్సు రూట్లను జిల్లాల వారీగా జాతీయం చేస్తూ వచ్చారు. కర్నూలు జిల్లా రూట్ల వంతు వచ్చినప్పుడు ఇక్కడి బస్సు ఓనర్లు కోర్టుకెక్కారు. వాళ్ల వాదన చట్టంలోని ఏదో లొసుగు గురించి కాదు. ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ఈ రూట్లను ఎంచుకున్నారని నేరుగా ఆరోపించారు. అప్పటి ముఖ్యమంత్రి ఎవరో మీకు తెలుసు. మన పక్క జిల్లా అనంతపురం, ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి గారు. హైకోర్టులో ఓనర్లు ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. సి.ఎస్. రౌజీ కేసు అంటే ఇదే. 1964లో తీర్పు వచ్చింది.

రాసింది జస్టిస్ రాజగోపాల అయ్యంగార్. ఆయన అడిగిన ప్రశ్న చిన్నది. ఆరోపణ ముఖ్యమంత్రి మీద, పేరు పెట్టి, ప్రమాణం చేసి మరీ చేశారు. కాదని ఆర్టీసీ చెప్తే ఎట్లా సరిపోతుంది? తన మనసులో ఏముందో చెప్పాల్సింది ఆయనే కదా. ఆయన అఫిడవిట్ వేయలేదు. కాదనేవాళ్లు లేని ఆరోపణను కోర్టు నిజమని తీసుకోవాల్సి వస్తుంది. అట్లా ఆ రూట్లను జాతీయం చేసే స్కీములు కొట్టేశారు.

రాజీనామా చేయమని కోర్టు అనలేదు. అనే అధికారమూ దానికి లేదు. సంజీవరెడ్డి గారు మాత్రం ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే పదవి వదిలేశారు. ఫిబ్రవరి నెలాఖరుకు కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ ఇద్దరినీ గమనించండి. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి మీద దురుద్దేశం ఉందని రాయడానికి వెనకాడని జడ్జి ఒకరు. ఆ రాతకు విలువిచ్చి కుర్చీ దిగిన నాయకుడు ఇంకొకరు. ఈ కేసు మన జిల్లాలో పుట్టింది. అయినా మన లా కాలేజీ పిల్లల్లో దీని పేరు విన్నవాళ్లు తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

అయ్యంగార్ గారి గురించి ఒక మాట. మద్రాసు హైకోర్టు జడ్జిగా ఉండి 1960లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంతకుముందు 1959లో పేటెంట్ చట్టం మీద ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. 1970 పేటెంట్ చట్టానికి ఆ నివేదికే పునాది. మన దేశంలో మందులు తక్కువ ధరకు తయారు కావడానికి దారి వేసింది ఆ చట్టం. కర్నూలు బస్సుల తీర్పు, మందుల నివేదిక ఒకే చేతి నుంచి వచ్చాయి.

పదమూడేళ్లు గడిచాయి. 1977 జులై 25న సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. సుప్రీంకోర్టు జడ్జి నియామక పత్రం రాష్ట్రపతి సంతకంతో, ముద్రతో వెళ్తుంది. ప్రధాన న్యాయమూర్తితో ప్రమాణం చేయించేది కూడా రాష్ట్రపతే. 1978 ఫిబ్రవరి 22న జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ప్రధాన న్యాయమూర్తి అయింది ఆయన హయాంలోనే. ఏ కోర్టు తీర్పుతో ముఖ్యమంత్రి పదవి వదిలారో, ఆ కోర్టు జడ్జీల నియామకాల మీద ఆయనే సంతకాలు పెట్టారు. మన రాజ్యాంగం నడిచే తీరు ఇందులో నాకు కనిపిస్తుంది.

ఇప్పుడు మన తెలుగువాళ్లలో మొదటి ప్రధాన న్యాయమూర్తి దగ్గరికి వద్దాం. కోకా సుబ్బారావు గారు 1902లో రాజమండ్రిలో పుట్టారు. మామగారు పేరున్న వకీలు, ఆయన దగ్గరే జూనియర్‌గా చేరారు. కొన్నాళ్లు బాపట్లలో మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జిగా పనిచేసి మళ్లీ ప్రాక్టీసుకే వచ్చారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి. 1953లో మన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇక్కడ గుడారాల్లో ఆఫీసులు నడిచిన ఆ రోజుల్లోనే గుంటూరులో హైకోర్టు పెట్టే పని ఆయనకు అప్పగించారు. 1954లో ఆ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు.

బస్సుల సంగతి ఆయన దగ్గరా ఉంది. ఢిల్లీ వెళ్లిన ఏడాదే కృష్ణా జిల్లా బస్సుల కేసు, గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు, ఆయన ముందుకొచ్చింది. ఓనర్ల అభ్యంతరాలు విన్నది ఒక సెక్రటరీ, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది ఇంకొకరు అయితే ఆ విచారణ ఉత్తుత్తి తంతు అవుతుందని సుబ్బారావు గారు రాశారు. ఈనాటికీ డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీల మీద రిట్ వేసే ప్రతి అడ్వకేటూ ఆ వాక్యాన్నే వాడుకుంటాడు.

ఆయనలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఖరక్ సింగ్ కేసు. 1962 డిసెంబర్. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు పెట్టారు, సాక్ష్యం లేక వదిలేశారు. పోలీసులు మాత్రం వదల్లేదు. హిస్టరీషీట్ తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూసేవాళ్లు. ఎక్కడికి పోతున్నాడో, ఎవరిని కలుస్తున్నాడో రాసుకునేవాళ్లు. బెంచీలో ఆరుగురు జడ్జీలు. రాత్రి తలుపు కొట్టడం తప్పే అన్నారు నలుగురు. కానీ ఏకాంతం, అదే ప్రైవసీ అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, మిగతా నిఘా చెల్లుతుంది అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ జె.సి. షా, ఒప్పుకోలేదు. నీడలా వెంటాడే నిఘా మొత్తం చెల్లదు, ఏకాంతం మనిషి స్వేచ్ఛలో భాగమే అని రాశారు.

ఈ ఊళ్లో కూర్చుని ఆ తీర్పు చదివితే ఒక్కొక్క వాక్యం తగులుతుంది. సీమలో ఏ కోర్టు ఆవరణలోకి పోయినా రౌడీషీట్ మాట వినిపిస్తుంది. ఎప్పుడో పాతికేళ్ల వయసులో ఊరి గొడవలో ఇరుక్కుని, కేసు కొట్టేసినా షీటు మాత్రం మిగిలిపోయి, జుట్టు నెరిసినా ప్రతి ఎన్నికకూ స్టేషన్‌కు పోయి కూర్చునే మనుషులు మనకు తెలుసు. వాళ్ల కోసం రాసినట్టే ఉంటుంది ఆ మైనారిటీ తీర్పు. అయితే ఓడిపోయిన తీర్పు అది. యాభై అయిదేళ్లు అట్లాగే ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ హక్కే అన్నారు. సుబ్బారావు గారు 1976లోనే పోయారు. తను రాసింది గెలవడం ఆయన చూడలేదు. ఆ తొమ్మిది మందిలో మన తెలుగు జడ్జి ఒకరున్నారు, జాస్తి చలమేశ్వర్. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

సుబ్బారావు గారు 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు. ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ పార్లమెంటు చేయలేదని ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు. దేశమంతా దాని మీదే చర్చ. సరిగ్గా ఆ సమయంలో, ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 విలువ ఓట్లు వస్తే ఈయనకు 3,63,971 వచ్చాయి. జులైలో అరవై అయిదు నిండి ఎట్లాగూ రిటైరయ్యేవారు. మూడు నెలలు ఆగి ఉంటే ఆ పోటీయే ఉండేది కాదు, అది నిజమే. కానీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా అంత పెద్ద తీర్పు ఇచ్చి, రెండు నెలలు తిరక్కుండా ప్రతిపక్ష అభ్యర్థి కావడం ఆ తీర్పుకే చెరుపు చేసింది. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పకపోతే విద్యార్థులకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. తీర్పు రాసిన చెయ్యి, నామినేషన్ వేసిన చెయ్యి ఒకటేనని జనం చూస్తారు.

సరే, ఆ కుర్చీ దాకా ఎట్లా పోతారో లెక్క చూద్దాం. విద్యార్థులు ఇది జాగ్రత్తగా వినండి.

1950లో సుప్రీంకోర్టు మొదలైనప్పుడు ప్రధాన న్యాయమూర్తితో కలిపి ఎనిమిది మందికే చోటు. ఇప్పుడు ముప్పై నాలుగు. హైకోర్టులో అయిదేళ్లు జడ్జిగా ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు అడ్వకేటుగా ఉండాలి. గొప్ప న్యాయ పండితుణ్ణి కూడా తీసుకోవచ్చని రాజ్యాంగం చెప్పింది గానీ, ఇంతవరకు ఒక్కరినీ అట్లా తీసుకోలేదు. హైకోర్టు జడ్జికి అరవై రెండు, సుప్రీంకోర్టు జడ్జికి అరవై అయిదు రిటైర్మెంటు. మొత్తం కథ ఈ రెండు అంకెల మధ్యనే నడుస్తుంది. నలభై అయిదేళ్లకు హైకోర్టు జడ్జి అయినవాళ్లకు పైకి పోయే వ్యవధి ఉంటుంది. యాభై అయిదుకు అయినవాళ్లకు దాదాపు ఉండదు, ఎంత గొప్పవాళ్లయినా సరే. జస్టిస్ ఎన్.వి. రమణ గారిని చూడండి. కృష్ణా జిల్లా పొన్నవరం రైతు కుటుంబం. 1983లో ఎన్‌రోల్ అయ్యారు, 2000లో, నలభై మూడేళ్లు నిండకముందే, హైకోర్టు జడ్జి అయ్యారు. 2014లో సుప్రీంకోర్టు, 2021 ఏప్రిల్ 24న ప్రధాన న్యాయమూర్తి. సుబ్బారావు గారి తర్వాత మళ్లీ ఒక తెలుగు మనిషి ఆ కుర్చీలో కూర్చోవడానికి యాభై ఏళ్లు దాటింది.

ఇక కింది కోర్టు నుంచి పోవడం ఇంకా కష్టం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదికి ఉద్యోగంలో చేరితే, జిల్లా జడ్జి అయ్యేసరికి తల నెరుస్తుంది. హైకోర్టు దాకా వెళ్తే అదే గొప్ప. ఆ దారిన చివరిదాకా వెళ్లిన మనిషి ఒకరున్నారు. కేరళలో 1958లో మున్సిఫ్‌గా చేరిన ఫాతిమా బీవీ. సబ్ జడ్జి, జిల్లా జడ్జి, ట్రిబ్యునల్, 1983లో కేరళ హైకోర్టు. 1989 ఏప్రిల్‌లో హైకోర్టు నుంచి రిటైరయ్యారు కూడా. అదే ఏడాది అక్టోబర్ 6న సుప్రీంకోర్టు జడ్జిగా ప్రమాణం చేశారు. ఆ కోర్టులో మొదటి మహిళ ఆమె. మున్సిఫ్ కోర్టు బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లకూ ఈ కథ తెలియాలి.

తర్వాత వరస. అంటే సీనియారిటీ. ప్రమాణం చేసిన తేదీని బట్టి వరస. ఒకేరోజు ఇద్దరు చేస్తే, ఎవరు ముందు చేశారన్నది లెక్క. నిమిషాల తేడా. కానీ ప్రధాన న్యాయమూర్తి ఎవరవుతారన్నది ఆ నిమిషాలే తేలుస్తాయి. చలమేశ్వర్ గారు కృష్ణా జిల్లా పెదముత్తేవి మనిషి. 2007 నుంచి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు, గౌహతిలో, తర్వాత కేరళలో. దీపక్ మిశ్రా గారు ఆయన తర్వాత ఆ హోదాకు వచ్చారు. ఇద్దరూ 2011 అక్టోబర్ 10నే సుప్రీంకోర్టులో ప్రమాణం చేశారు, వరసలో మిశ్రా గారు ముందు. 2017లో ఆయన ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చలమేశ్వర్ గారు రెండో స్థానంలోనే ఉండి, 2018 జూన్‌లో రిటైరయ్యారు. 2000 సంవత్సరంలో రూమా పాల్ గారి విషయంలోనూ ప్రమాణం వరసే అడ్డొచ్చింది. అదేరోజు ఆమెకన్నా ముందు ప్రమాణం చేసిన వై.కె. సభర్వాల్ గారు తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆమె కాలేదు. ఇప్పుడు వరస అట్లాగే నడిస్తే 2027 సెప్టెంబర్‌లో జస్టిస్ బి.వి. నాగరత్న మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అవుతారు. ఎన్నాళ్లకు? ముప్పై ఆరు రోజులకు. వై.వి. చంద్రచూడ్ గారు ఏడేళ్లకు పైగా ఉన్నారు, 1991లో కె.ఎన్. సింగ్ గారు పదిహేడు రోజులున్నారు. ఎంత గొప్పవాళ్లయినా పదిహేడు రోజుల్లో, ముప్పై ఆరు రోజుల్లో కోర్టును ఏం మార్చగలరు? ఇది మారాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ప్రధాన న్యాయమూర్తికి కనీసం రెండేళ్ల వ్యవధి ఉండాలి.

జీతం గురించి యువకులు అడుగుతుంటారు. 1950లో ప్రధాన న్యాయమూర్తికి నెలకు అయిదు వేలు, మిగతావాళ్లకు నాలుగు వేలు. ఇప్పుడు రెండు లక్షల ఎనభై వేలు, రెండు లక్షల యాభై వేలు. ఢిల్లీలో పెద్ద లాయర్లు కొందరికి అది ఒక్క రోజు ఫీజు. డబ్బు కోసం ఆ కుర్చీకి ఎవరూ పోరు. సోమవారం, శుక్రవారం కొత్త కేసులు. ఆ ఫైళ్లన్నీ ముందు రాత్రే చదివి రావాలి. పెండింగు ఎనభై వేలు దాటింది. బంధువుల పెళ్లికి పోవాలన్నా అక్కడ ఎవరెవరు ఉంటారో చూసుకుని పోవాలి.

మరి అంత ఎత్తులో ఉన్న మనిషికి భయమేమిటి అంటారా? 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది, రాజ్యాంగం మూల స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న తీర్పు. పదమూడు మంది జడ్జీలు, అరవై ఎనిమిది రోజుల వాదనలు, ఏడుకు ఆరు. వెంటనే, వరసలో ముందున్న షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటేసి ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ముగ్గురూ రాజీనామా చేశారు. ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇస్తే ఏమవుతుందో దేశంలోని ప్రతి జడ్జికీ ఆ రోజు అర్థమైంది.

ఎమర్జెన్సీలో ఇంకో పద్ధతి, బదిలీలు. 1976లో పదహారు మంది హైకోర్టు జడ్జీలను వాళ్ల అనుమతి లేకుండా మార్చేశారు. మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఓబుల్ రెడ్డి గారిని గుజరాత్‌కు పంపారు. ఒ. చిన్నప్పరెడ్డి గారిని పంజాబ్‌కు. గుజరాత్ నుంచి సాంకల్‌చంద్ షేఠ్ గారిని మన హైదరాబాద్‌కు. షేఠ్ గారు వచ్చి చేరారు, చేరినా ఊరుకోలేదు. జడ్జి అయ్యుండి తన బదిలీ మీద తనే కేసు వేశారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఆ రోజుల్లోనే, 1976 ఏప్రిల్ 28న, జబల్‌పూర్ ఏడీఎం కేసు తీర్పు. వారంటు లేకుండా, కారణం చెప్పకుండా జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకు రావచ్చా అన్నది ప్రశ్న. తొమ్మిది హైకోర్టులు రావచ్చన్నాయి. సుప్రీంకోర్టులో అయిదుగురు కూర్చుంటే నలుగురు రాకూడదన్నారు. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా రావచ్చన్నారు. ఆయన జిల్లా జడ్జిగా మొదలైనవారు. వరస ప్రకారం తర్వాతి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఈ తీర్పు రాస్తే ఆ పదవి పోతుందని తెలుసు, తీర్పుకు ముందు తన సోదరితో ఆ మాటే చెప్పారట. 1977 జనవరిలో అట్లాగే జరిగింది. ఆయన్ను దాటేసి ఎం.హెచ్. బేగ్ గారిని చేశారు. ఖన్నా గారు రాజీనామా ఇచ్చి ఇంటికి పోయారు. ఆ నలుగురిలో రే గారు అప్పటికే ప్రధాన న్యాయమూర్తి. బేగ్, చంద్రచూడ్, భగవతి ముగ్గురూ తర్వాత తర్వాత అదే కుర్చీలో కూర్చున్నారు. అయిదుగురిలో ఆ పదవి రానిది ఒక్క ఖన్నా గారికే. అదీ లెక్క. తర్వాత కోర్టు రెండో నంబరు గదిలో, ఆయన బతికి ఉండగానే, ఆయన చిత్రపటం పెట్టారు. నలుగురు రాసిన తీర్పును 2017లో పుట్టస్వామి కేసులో పక్కన పారేశారు. పారేస్తూ రాసినవారు డి.వై. చంద్రచూడ్, ఆ నలుగురిలో ఒకరికి సొంత కొడుకు.

చిన్నప్పరెడ్డి గారిని పంజాబ్‌కు పంపారన్నాను కదా. ఆ బదిలీ ఆయన్ను ఏమీ మెత్తబరచలేదు. 1978 జులైలో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఢిల్లీ పోలీసు శాఖలో ఒక డ్రైవర్ కానిస్టేబుల్, మిగతా శాఖల డ్రైవర్లతో సమానంగా జీతం ఇవ్వమని వచ్చాడు. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం చెప్పిన లక్ష్యమేనని 1982లో ఆయన రాశారు. కేరళలో ముగ్గురు బడిపిల్లల కేసు ఇంకా గొప్పది. జాతీయ గీతం పాడేటప్పుడు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు గానీ, తమ మత విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని 1986 ఆగస్టులో రాసి ఆ పిల్లల్ని మళ్లీ బడికి పంపారు. ఆ తీర్పు చిన్నదే. ఇంటికి పోయాక చదవండి, గంట పట్టదు.

రిటైర్మెంటు సంగతి ఒకటి మిగిలింది. సుప్రీంకోర్టు జడ్జి దిగాక దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదు. రాజ్యాంగమే చెప్పింది. కానీ ప్రభుత్వం ఇచ్చే పదవులు తీసుకోకూడదని చెప్పలేదు. కమిషన్లు, ట్రిబ్యునళ్లు, గవర్నర్ పదవులు. ఫాతిమా బీవీ గారు తమిళనాడు గవర్నర్ అయ్యారు. జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు 2023 జనవరిలో రిటైరై, ఫిబ్రవరిలో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు. పుట్టస్వామి బెంచీలో ఆయనా ఉన్నారు. వ్యక్తుల మీద నాకు ఏ ఆక్షేపణా లేదు. పద్ధతి మీద ఉంది. దిగిన రెండు మూడేళ్ల దాకా ఏ ప్రభుత్వ పదవీ తీసుకోకూడదని చట్టం ఉంటే, ఆ జడ్జీల తీర్పుల మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. వాళ్ల పరువుకే అది రక్ష. సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన బి. సుదర్శన్ రెడ్డి గారు 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. అప్పటికి ఆయన రిటైరై పద్నాలుగేళ్లు. సుబ్బారావు గారి పోటీకీ దీనికీ తేడా అదే. చలమేశ్వర్ గారైతే బార్ వాళ్ల వీడ్కోలు సభ కూడా వద్దన్నారు, ఊరికి పోయారు.

జడ్జీలను ఎంచేది ఎవరు? 1993 నుంచి కొలీజియం. ఇప్పుడు అందులో ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాత నలుగురు సీనియర్లు. ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు ఏం జరిగిందో పైన చెప్పాను కాబట్టి, కొలీజియం ఎందుకు వచ్చిందో మీకు అర్థమవుతుంది. కానీ మూసిన గదిలో మాట్లాడుకుని పేర్లు పంపితే అక్కడా పొరపాట్లు జరుగుతాయి. కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో నలుగురు కొట్టేస్తే, చలమేశ్వర్ గారు ఒక్కరే అది చెల్లుతుందని విడిగా రాశారు. ఎవరిని ఎందుకు ఎంచారో, ఎందుకు కాదన్నారో ప్రజలకు తెలియాలన్నది ఆయన బాధ. కమిషన్ మీద ఆయనతో నేను ఏకీభవించను, ఆ బాధ మాత్రం నాదీ.

మనకు సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. సుప్రీంకోర్టుకు పేర్లు ఎక్కువగా హైకోర్టుల నుంచి వెళ్తాయి. హైకోర్టు జడ్జి పదవికి బార్ నుంచి పేర్లు పంపేది హైకోర్టు కొలీజియం. వాళ్లు ఎవరిని చూస్తారు? రోజూ తమ ముందు నిలబడి వాదించేవాళ్లను. కర్నూలు జిల్లా కోర్టులో, ఆదోనిలో, నంద్యాలలో, ఎంత బాగా క్రాస్ ఎగ్జామినేషన్ చేసినా వాళ్ల కంటికి ఆనదు. హైకోర్టు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తెల్లారకముందే బస్సెక్కితే కోర్టు వేళకు చేరేవాళ్లం. 2019 నుంచి అమరావతి, మూడొందల కిలోమీటర్లకు పైగా. తెలివైన జూనియర్ ఇక్కడ ఉండిపోతే కనబడడు, కనబడాలంటే ఇల్లు ఖాళీ చేసి పోవాలి. ఇల్లు ఖాళీ చేసే స్తోమత ఎంతమందికి ఉంది? అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో పుట్టిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి గారు 2023 జులైలో సుప్రీంకోర్టు చేరారు. సీమ మనిషి అక్కడ ఉన్నందుకు సంతోషమే. ఇంకెంతమంది ఉండాల్సిందో అని కూడా అనిపిస్తుంది.

కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచి సీమ అడుగుతున్నది ఇదే. కర్నూలులో హైకోర్టు బెంచీ కావాలని 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది. దాన్ని మనం కక్షిదారుల బస్సు ఛార్జీల విషయంగానే మాట్లాడుతున్నాం. అది నిజమే, చిన్న విషయమూ కాదు. కానీ ఇక్కడ బెంచీ కూర్చుంటే ఇక్కడి జూనియర్లు హైకోర్టు జడ్జీల ముందు రోజూ వాదిస్తారు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత జడ్జి పదవులకు పరిశీలించే పేర్లలో ఈ ఊరి పేర్లు ఉంటాయి. బార్ అసోసియేషన్ పెద్దలు మెమోరాండం రాసేటప్పుడు ఈ అంశం కూడా చేర్చాలని నా మనవి.

చివరగా ఆడపిల్లల సంగతి. 1978లో జస్టిస్ కె. అమరేశ్వరి గారు మన హైకోర్టులో మొదటి మహిళా జడ్జి అయ్యారు. సుప్రీంకోర్టులో ఇప్పటిదాకా పదకొండు మంది మహిళలు కూర్చున్నారు. అందులో తెలుగు ఆడబిడ్డ ఒక్కరూ లేరు. ఈ హాల్లో సగానికి పైగా అమ్మాయిలే ఉన్నారు. చదువు అయిపోయి ఎన్‌రోల్ అయిన అయిదేళ్లకు వీళ్లలో ఎంతమంది కోర్టులో మిగులుతున్నారు? పెళ్లి, పిల్లలు, స్టైపెండ్ ఇవ్వని సీనియర్లు, కనీసం సరైన బాత్రూము లేని కోర్టు కాంప్లెక్సులు. వీటిలో కొన్నిటిని ఈ ఊళ్లో, ఈ బార్‌లోనే సరిచేసుకోవచ్చు. సీనియర్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే నెల నుంచి మీ ఆఫీసులో ఉన్న జూనియర్‌కు, ఆడైనా మగైనా, నెల నెలా ఎంతో కొంత స్టైపెండ్ ఇస్తామని ఇవాళే చెప్పండి.

నాకిచ్చిన సమయం దాటింది. ప్రశ్నలకు టైముందని అంటున్నారు. మైకు ముందు ఆ వెనక కూర్చున్న అమ్మాయిలకు ఇవ్వండి.